పదకొండో నంబరు అద్దం

ఆ ఫోటో బాగుందని ఇంకెవరైనా నాతో అంటే అక్కడి నుంచి లేచిపోతాను. ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొట్టమొదట అడిగేది దాని గురించే. అంత చవకబారు టెలిస్కోపుతో సూర్యగ్రహణాన్ని అంత శుభ్రంగా ఎలా తీశారండీ, ఏ ఫిల్ము, షట్టరు ఎంత అని. అవన్నీ చెబుతాను. కానీ ఆ ఫోటో వెనక ఒక మనిషి రెండు కళ్ళు ఉన్నాయి. అది వింటేనే మిగతాది చెబుతాను. వినం అంటే మానెయ్యండి, నాకొచ్చే నష్టం ఏమీ లేదు.

నేను చేసిన పని

నేను పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్ని కాను, పత్రికలవాణ్ణీ కాను. కట్టడాల ఫోటోగ్రాఫర్ని. తెనాలి దగ్గర నుంచి వచ్చి హైదరాబాదులో ముప్పై ఏళ్ళు ఇదే పని చేశాను. ఒక భవనం పునాది తవ్విన రోజు నుంచి రిబ్బను కత్తిరించే రోజు దాకా, ప్రతి శుక్రవారం, అవే ఆరు చోట్ల నిలబడి అవే ఆరు ఫోటోలు తీయాలి. నిలబడే చోటు తప్పిపోకుండా బండ మీద తెల్ల పెయింటుతో గుర్తు పెట్టుకునేవాణ్ణి. నెలాఖరుకి ఆ ఫోటోలన్నీ ఆల్బంలో అంటించి, కింద ఒక్కో వాక్యం టైపు చేయించి, ఆ కట్టడానికి అప్పిచ్చిన బ్యాంకుకి పంపాలి. పని నిజంగా జరుగుతోందో లేదో వాళ్ళకి తెలియాలి కదా. ఇందులో కళా లేదు, కాకరకాయా లేదు. ఉన్నది ఉన్నట్టు తీయడమే.

తొంభైల చివర్లో మాదాపూర్, కొత్తగూడ వైపు బండలు పేల్చి గాజు మేడలు లేపుతున్నారు. అందులో ఒకదానికి నేను ఫోటోగ్రాఫర్ని. దాని పేరు చెప్పను. ప్రాజెక్టు మేనేజరు మూర్తి గారు, మా జిల్లా వైపు మనిషే. నోటి నిండా ఇరవై ఒకటో శతాబ్దం తప్ప ఇంకో మాట ఉండేది కాదు. సైటులో ఎవరైనా చెయ్యి విరగ్గొట్టుకున్నా, పని ఎన్నాళ్ళు ఆగుతుందని అడిగేవాడు తప్ప చెయ్యి ఎలా ఉందని అడగడం నేను వినలేదు.

కుర్రతనంలో నాకు పని నేర్పిన స్టూడియో యజమాని ఒక్క మాట నూరిపోశాడు. పెట్టె మీద అచ్చు వేసిన నంబర్ని నమ్మకు. కొత్త లాటు ఫిల్ము వస్తే ముందు ఒక రోలు పాడు చేసుకుని పరీక్ష చెయ్యి, ఆ తర్వాతే పనిలోకి దిగు. ముప్పై ఏళ్ళలో నేను పరీక్షించకుండా వాడిన ఫిల్ము లాటు ఒక్కటి కూడా లేదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, దీనితో నాకు పని ఉంది.

టెలిస్కోపు

తొంభై తొమ్మిది ఆగస్టులో సూర్యగ్రహణం వచ్చింది. ఉత్తరాంధ్ర తీరం వైపు సంపూర్ణం, మనకు హైదరాబాదులో చాలా భాగం మింగే పాక్షికం. సాయంత్రం ఐదు దాటాక మొదలై ఆరు దాటాక గట్టిగా పడుతుందని పేపర్లలో వేశారు. మూర్తి గారికి ఒక ఆలోచన వచ్చింది. ప్రారంభోత్సవానికి అచ్చు వేసే పుస్తకం వెనక అట్ట మీద, మన భవనం పైనుంచి తీసిన గ్రహణం ఫోటో ఉండాలి, పాత శతాబ్దం అస్తమించింది అని కింద రాయాలి. ఆలోచన ఆయనది, కానీ అబద్ధం ఎందుకు, ఆశ నాది. ఏళ్ళ తరబడి సిమెంటు స్తంభాలు తీసీ తీసీ నాకూ విసుగొచ్చింది. చచ్చేలోపు ఒక్క ఫోటో అయినా జనం ఆగి చూసేది తీయాలని ఉండేది.

టెలిస్కోపు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల పక్కన దొరికింది. రెండున్నర అంగుళాల కటకం, గాలి వీస్తే ఊగే మూడు కాళ్ళ స్టాండు. దానితో పాటు కంటి దగ్గర బిగించుకునే చిన్న నల్ల బిళ్ళ ఒకటి ఇచ్చారు, సూర్యుణ్ణి చూడ్డానికట. అలాంటిది మీకు దొరికితే ఆ క్షణమే చెత్తబుట్టలో వెయ్యండి. ఎండంతా కటకంలో నుంచి పోగుపడి ఆ బిళ్ళ మీదే పడుతుంది, వేడికి అది పగిలిందంటే కన్ను పోయినట్టే. ఆపేది ఏదైనా వెలుగు లోపలికి రాకముందే, గొట్టం ముందు ఉండాలి.

గొట్టం ముందు ఏం పెట్టాలి? సూర్యుడి ఫోటోలకని తయారు చేసే ఫిల్టరు ఊళ్ళో ఎక్కడా దొరకలేదు. అప్పుడే సైటులో వెల్డింగు చేసే యాదయ్య గుర్తొచ్చాడు.

యాదయ్య

పాలమూరు వైపు మనిషి. ముప్పై ఐదేళ్ళుంటాయేమో. ఆరో అంతస్తు పైన ఇనప చట్రాలు అతికే పని అతనిది. అతను అతికిన చోట చేత్తో తడిమితే ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలిసేది కాదు. వెల్డరు ముఖం మీద పట్టుకునే డాలులో కిటికీలాగా ఒక నల్ల అద్దం ఉంటుంది. ఆ అద్దానికి నంబర్లుంటాయి, నంబరు పెరిగే కొద్దీ నలుపు. అందరూ సైటు స్టోరులో ఇచ్చిన అద్దాలు వాడేవారు. యాదయ్య మాత్రం తన అద్దం తనే తెచ్చుకునేవాడు. పని అయ్యాక దాన్ని ఊడదీసి, గుడ్డలో చుట్టి, జేబులో పెట్టుకుని పోయేవాడు. బాలానగర్‌లో పని నేర్పిన ఉస్తాద్ వెళ్ళేరోజు చేతిలో పెట్టిన అద్దమట. అంచులు చిట్లి ఉన్నాయి, మూలన పదకొండు అని అచ్చు.

ఒక్క సాయంత్రానికి ఇస్తావా అని అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"తీస్కోండి సార్. రోజూ మూరెడు దూరంల సూర్యున్ని చూస్తనే ఉన్న, నాకేంది కొత్త. గని మా ఉస్తాద్ ఇచ్చింది, జర పైలం."

పైలంగానే చూస్తానన్నాను. ఎందుకైనా మంచిదని స్టోరు నుంచి కూడా పదకొండో నంబరు అద్దం ఒకటి సంతకం పెట్టి తెచ్చుకున్నాను. కొత్తది, ఆ వారమే వచ్చిన పెట్టెలోంచి తీసింది, మెరిసిపోతోంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పదకొండో నంబరు వెల్డింగు వెలుగు కోసం చేసింది, సూర్యుణ్ణి కంటితో చూడ్డానికి అది చాలదు. నేను వాడింది ఫిల్ము కోసం. కెమెరాకి కన్ను పెట్టి సూర్యుణ్ణి ఒక్కసారి కూడా చూడలేదు. మధ్యాహ్నమే కెమెరాని గొట్టం వెనక బిగించి, ఖాజాగూడ బండల మీద ఒక అంచు చూసుకుని ఫోకస్ సరిచేసి, అది కదలకుండా టేపు చుట్టేశాను. గొట్టం సూర్యుడికి ఎదురుగా ఉందో లేదో గొట్టం నీడే చెబుతుంది. నేల మీద ఆ నీడ ఎంత చిన్నదైతే గురి అంత కుదిరినట్టు. నా కన్ను నాకు ముద్దు కదా, దాని విషయంలో అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాను.

దర్భలు

గ్రహణం రోజు సైటుకి సెలవు లేదని మూర్తి గారు నోటీసు పెట్టించాడు. మూఢనమ్మకాలకి ఈ శతాబ్దంలో చోటు లేదని అందులో రాయించాడు కూడా. కూలీలు ఆ నోటీసుని చెవిన వేసుకోలేదు. నాలుగున్నరకే పనిముట్లు కింద పెట్టి గుడిసెలకి పోయారు.

మరి మూర్తి గారు? ఐదింటికి ఆఫీసుగదిలోకి వెళ్ళి కిటికీ తెరలు దింపి కూర్చున్నాడు. డాబా తాళంచెవి కోసం వెళ్ళి నా రెండు కళ్ళతో చూశాను. మంచినీళ్ళ సీసా మీద దర్భ. టిఫిను డబ్బా మీద దర్భ. ఫాక్సు మిషను మీద దర్భ. వై టూ కే భయంతో కొత్తగా కొన్న పెద్ద కంప్యూటరు మీద రెండు దర్భలు, అడ్డంగా ఒకటి నిలువుగా ఒకటి. ఎవరి నమ్మకం వాళ్ళది, నేనేమీ అనను. మా అమ్మ కూడా ఊరగాయ జాడీల మీద దర్భలు వేసేది. కానీ మా అమ్మ ఎవరికీ నోటీసు పెట్టలేదు. తను తెరలు దింపుకుని, కూలివాడు మాత్రం ఎండలో వెల్డింగు చెయ్యాలనే మనిషిని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పైన డాబా మీదకి యాదయ్య ఒక్కడే వచ్చాడు. తన అద్దం ఏం చేస్తుందో చూడాలని.

డాబా మీద

మబ్బులు మధ్యాహ్నం నుంచీ ఏడిపించి ఐదు దాటాక పడమటి వైపు విడిపోయాయి. అద్దాన్ని అట్టముక్కలో బిగించి గొట్టం మూతికి అంటించాను. షట్టరు మార్చుకుంటూ, ప్రతి ఫోటోకీ జేబు పుస్తకంలో నంబరూ టైమూ రాసుకుంటూ పన్నెండు తీశాను. వెలుగు పలచబడింది. ఎండ ఉంది, కానీ వేడి లేదు. నేను వాచీ చూసుకుంటూ ఉంటే యాదయ్య నా చెయ్యి పట్టుకుని లాగాడు.

"సార్, ఫోటో తర్వాత తీద్దురు. గీ నేల సూడుండ్రి."

గోడ వారన చిల్లుల రేకు ఒకటి ఆనించి ఉంది. దాని ప్రతి చిల్లులోంచీ ఒక చిన్న నెలవంక సిమెంటు నేల మీద పడింది. వందల నెలవంకలు. అతను వాటి మధ్య చెప్పులు విప్పి నిలబడి అరచేతిలో పట్టుకుని చూసుకుంటున్నాడు. అప్పుడు అతని ముఖాన్ని ఫోటో తీసి ఉండవలసింది. నా బుద్ధంతా ఆకాశంలోనే ఉంది.

ఆ వెంటనే గాలి లేచింది. స్టాండు ఊగింది, నేను సగం సగం అంటించిన టేపు ఊడింది, అట్టముక్క కింద పడింది. ఉస్తాద్ అద్దం మూడు ముక్కలైంది. నేను టోపీ తీసి గొట్టం మూతి మూసేసి, స్టోరు అద్దాన్ని అదే అట్టలో బిగించి మళ్ళీ పని మొదలుపెట్టాను. అప్పటికి గ్రహణం గట్టిగా పట్టే సమయం అవుతోంది మరి. యాదయ్య ఆ ముక్కలు ఏరుకుని గుడ్డలో కట్టుకుంటున్నాడని నాకు పక్క చూపులో కనిపిస్తూనే ఉంది. ఇంకో పది తీశాను. సూర్యుడు మసకలోకి దిగిపోయాడు.

అప్పుడు సిగ్గేసింది. స్టోరు అద్దం అట్టలోంచి తీసి, చొక్కాతో తుడిచి, అతని చేతిలో పెట్టాను. "సారీ యాదయ్యా, నా వల్లే పగిలింది. ఇది కూడా పదకొండే, కొత్తది" అన్నాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తలాడించి, జేబులో పెట్టుకున్నాడు.

పదకొండుకి పదకొండు ఇచ్చేశాను, బాకీ తీరిపోయిందనుకున్నాను. పైగా పాతది తీసుకుని కొత్తది ఇచ్చాను కదా అని ఇంటికి వెళ్ళేటప్పుడు కాస్త గర్వం కూడా.

రోలులో మిగిలిన ఫోటోలు

ఇప్పటి పిల్లలకి ఇది అర్థం కాదు. అప్పట్లో ఫిల్ము రోలుకి ముప్పై ఆరు ఫోటోలు. రోలు అయ్యేదాకా కడగడానికి ఇవ్వకూడదన్నది మాలో తిరుగులేని అలవాటు. సగంలో తీసి కడిగిస్తే మిగిలిన ఫిల్ము వృథా. నా రోలులో పద్నాలుగు మిగిలాయి. శుక్రవారం ఆరు, ఆ పై శుక్రవారం ఆరు, ఆఖరి రెండూ గేటు దగ్గర తీసి అప్పుడు కడగడానికిచ్చాను. పన్నెండు రోజులు అలా పోయాయి. ఆ రోజుల్లోనే యాదయ్య నేనిచ్చిన అద్దంతో వెల్డింగు చేశాడు. పద్నాలుగు ఖాళీ ఫోటోలు పొదుపు చేశాను నేను. తలుచుకుంటే నన్ను నేనే తిట్టుకోవడానికి మాట దొరకదు.

ల్యాబు నుంచి వచ్చిన నెగటివులు లైటు పెట్టె మీద పరిచాను. మొదటి పన్నెండు అచ్చు గుద్దినట్టు వచ్చాయి. పదకొండో ఫోటో అయితే సూర్యుణ్ణి ముప్పాతిక వంతు మింగేసిన నలుపు, దాని అంచు బ్లేడుతో కోసినట్టు ఉంది. పదమూడు నుంచి ఇరవై రెండు దాకా ఏమీ లేదు. వెలుగు ముంచెత్తి ఫోటో అంతా మాడిపోయింది. షట్టరు ఎంత వేగంగా పెట్టినా అంతే. మొదట ల్యాబు వాణ్ణి తిట్టాను. తర్వాత నా లెక్కని తిట్టుకున్నాను. జేబు పుస్తకం తీసి టైములు చూస్తే అప్పుడు తట్టింది. పన్నెండుకీ పదమూడుకీ మధ్య మారింది ఒక్కటే. అద్దం.

స్కూటరు తీసి సైటుకి పరిగెత్తాను. స్టోరు పెట్టెలోంచి మూడు అద్దాలు తీసి, ఎండ కొలిచే నా మీటరు మీద ఒక్కొక్కటీ పెట్టి చూశాను. పదకొండు అని అచ్చు ఉన్న ఆ అద్దాల్లోంచి, ఐదో నంబరు అద్దంలోంచి వచ్చినంత వెలుగు వస్తోంది. మామూలు గాజుకి ఆకుపచ్చ రంగు దట్టించి మీద నంబరు కొట్టారు, దొంగ వెధవలు. ఫిల్ము పెట్టె మీద నంబర్ని ముప్పై ఏళ్ళు నమ్మనివాణ్ణి ఈ నంబర్ని ఎందుకు నమ్మాను? అదే మీటరు గ్రహణం రోజు నా మెడలోనే వేలాడుతోంది. పరీక్షకి అర నిమిషం పట్టేది. ఫిల్ము నాది, పాడైతే నష్టం నాకు. కన్ను ఇంకొకడిది. నిజం అంతే, దీనికి రంగులు పులమడం నాకు చేతకాదు.

పైకి వెళితే యాదయ్య లేడు. కళ్ళు వాచి నాలుగు రోజులుగా పనికి రావడం లేదట. స్టోరు ఇన్‌చార్జిని అడిగితే తల కూడా ఎత్తకుండా, వాడు తాగుతాడండీ, అందుకే కళ్ళు ఎర్రబడ్డాయి అన్నాడు. నేను తెచ్చిన అద్దం అతని రిజిస్టరు మీద పెట్టి ఇది ఎక్కడ కొన్నావని అడిగాను. కంట్రాక్టరు పంపిందే మేం ఇస్తాం, మాకేం తెలుసు అన్నాడు. ఆ క్షణాన వాణ్ణి కొట్టకుండా ఎలా ఆగానో నాకే తెలియదు.

గుడిసెలో, దవాఖానలో

గుడిసెలో యాదయ్య కళ్ళ మీద ఆలుగడ్డ ముక్కలు పెట్టుకుని పడుకుని ఉన్నాడు. వెల్డర్లందరూ చేసే వైద్యం అదే. వెలుగు కొట్టిన మంట రెండు రోజుల్లో తగ్గిపోతుంది. అతనికి మంట తగ్గింది, చూపు తిరిగి రాలేదు. నా ముఖం చుట్టూ అంచు కనబడుతోందట, నడిమధ్యలో మాత్రం ముక్కూ నోరూ లేవట.

"గ్రహణం నన్నింక ఇడ్సిపెట్టలే సార్" అన్నాడు, నవ్వడానికి ప్రయత్నిస్తూ.

స్కూటరు మీద పెద్ద దవాఖానకి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ కళ్ళలో చుక్కలు వేసి, లోపల లైటు వేసి చాలాసేపు చూసింది. కంటి వెనక తెర నడిమధ్యలో రెండు కళ్ళలోనూ కాలిన మచ్చ ఉంది, కుడి కంట్లో పెద్దది అంది. తగ్గుతుందా అంటే, కొంత తేరుకోవచ్చు కానీ మునుపటి చూపు రాదంది. అద్దం లేకుండా వెల్డింగు చేశాడా అని అడిగింది. అద్దం ఉందండీ, దొంగ అద్దం, కంట్రాక్టరు మోసం చేశాడు అన్నాను. ఆ అద్దం ఇచ్చింది నేనే అని మాత్రం నా నోట రాలేదు. యాదయ్య పక్కనే కూర్చుని వింటున్నాడు.

మూర్తి గారు

మర్నాడు నెగటివులూ, అద్దాలూ, దవాఖాన చీటీ పట్టుకుని మూర్తి గారి గదికి వెళ్ళాను. మొత్తం చెప్పాను. సైటులో ఇంకా పదిమంది వెల్డర్లు ఇవే అద్దాలతో పని చేస్తున్నారు, ఈ పూటే ఆపించండి అన్నాను. ఆయన నెగటివు పట్టీ కిటికీ వైపు పెట్టి చూస్తున్నాడు.

"ఏవండీ, ఇందులో పదకొండోది అద్భుతంగా ఉందే. దీన్ని గోడంత పెద్దది చేయించండి, లాబీలో పెడదాం."

నేను అద్దాల గురించి అడుగుతున్నానండీ అన్నాను. అది కంట్రాక్టరు వ్యవహారం, మీ వ్యవహారం ఫోటోలు, ఎవరి పని వాళ్ళు చేస్తే బాగుంటుంది అన్నాడు. ఆ మాడిపోయిన ఫోటోలు ఎందుకూ పనికిరావు కదా, ఆ పట్టీ కూడా ఇక్కడ పెట్టి వెళ్ళండి అని చెయ్యి చాచాడు. ఆ చెయ్యి చూసే నాకు అర్థమైంది. ఆయనకి అన్నీ అర్థమయ్యాయని.

మంచి పట్టీలు బల్ల మీద పెట్టాను. మాడిన పట్టీ జేబులో వేసుకుని వచ్చేశాను. మీకు చెప్పేది ఇదే, మంచి ఫోటోలు పోతే పోనివ్వండి. చెడిపోయినవి ఎవరికీ ఇవ్వకండి, నిజం చెప్పేవి అవే.

నెలాఖరు ఆల్బం బ్యాంకుకి వెళ్ళాలి కదా. మూర్తి గారు దాన్ని తెరిచి చూసిన పాపాన ఎప్పుడూ పోలేదు, అట్ట మీద సంతకం పెట్టి పంపేసేవాడు. చివరి పేజీలో రెండు ఫోటోలు పక్కపక్కన అంటించాను. ఒకటి పదకొండోది, ముందే వేయించి ఉంచుకున్న ప్రింటు, ఒకటి పద్నాలుగోది. కింద టైపు చేయించాను. ఎడమవైపుది వెల్డరు సొంత అద్దంతో తీసినది. కుడివైపుది సైటు స్టోరు అద్దంతో తీసినది. రెండింటి మీదా నంబరు పదకొండు. ఈ రెండో అద్దంతో ఇక్కడ పదిమంది పని చేస్తున్నారు. ఒకతని చూపు పోయింది.

వారం తిరక్కుండా బ్యాంకు తరపు ఇంజినీరు దిగాడు. పెట్టెలన్నీ బయటికి తీయించి పరీక్ష చేయించాడు, కొత్త అద్దాలు వచ్చేదాకా వెల్డింగు ఆపించాడు. నా కాంట్రాక్టు ఆ నెలతో సరి. ఇంట్లో మాట వీధిలో పెట్టారు, మీలాంటివాళ్ళని నమ్మకూడదండీ అని మూర్తి గారు ఫోనులో అన్నాడు. కంట్రాక్టరుకి ఏ శిక్షా పడలేదు. యాదయ్యని చూడ్డానికి వాళ్ళలో ఒక్కడూ వెళ్ళలేదు.

ఇదేదో ధైర్యం అని నన్ను మెచ్చుకోబోతారేమో, ఆగండి. ఆ ఐదు వాక్యాల్లో ఒక వాక్యం తక్కువ ఉంది. ఆ అద్దాన్ని వెల్డరు చేతిలో పెట్టింది ఈ ఫోటోగ్రాఫరే అని నేను రాయలేదు.

లాబీలో

భవనం తెరిచిన కొన్నాళ్ళకి యాదయ్యని తీసుకుని అక్కడికి వెళ్ళాను. అప్పటికి అతను మణికొండలో కొత్తగా లేచిన ఒక అపార్ట్‌మెంటు దగ్గర కాపలా పని చేస్తున్నాడు. ఎడమ కన్ను కొంత తేరుకుంది, కుడిది లేదు. వెల్డింగు ఇక కుదరదు, అతుకు చూడాలంటే చూపు నడిమధ్యే కావాలి కదా.

లాబీలో ఎదురు గోడ మీద ఆ ఫోటో ఉంది, మనిషి కంటే ఎత్తున. కింద భవనం పేరుంది, నా పేరు లేదు. లేనందుకు నాకు సంతోషమే. మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు దాని ముందు నుంచే కాఫీ కప్పులతో పోతున్నారు. యాదయ్య దాని ముందు నిలబడి తల పక్కకి తిప్పాడు. సూటిగా చూస్తే అతనికి అది కనబడదు. పక్కనున్న లిఫ్టు తలుపు వైపు చూస్తూ, కంటి కొసతో గ్రహణాన్ని చూశాడు.

"మంచిగొచ్చింది సార్. మా ఉస్తాద్ అద్దమే కద."

అప్పుడు ఇక దాచుకోలేకపోయాను. "యాదయ్యా, నేను నీకిచ్చిన అద్దం దొంగది. నేనే ఇచ్చాను. పరీక్ష చెయ్యకుండా ఇచ్చాను" అన్నాను.

"నాకెర్కనే సార్" అన్నాడు లిఫ్టు వైపే చూస్తూ. "మొదటి పూటనే ఎర్కయింది. అగ్గి అంత దగ్గరికొచ్చి కొట్టింది. స్టోరుల వేరేది అడిగితె గదే ఇచ్చిండ్రు. రెండు కలిపి పెట్టుకుంటె చీకటైతుండె, అతుకు వంకర పోతుందని మేస్త్రి తిట్టిండు. ఇగ ఒకటి తీసేసిన."

"మరి నాకెందుకు చెప్పలేదయ్యా? ఒక్క మాట చెబితే ఊళ్ళో ఎక్కడున్నా తెచ్చి ఇచ్చేవాణ్ణి కదా" అన్నాను. నాకు కోపమే వచ్చింది, సిగ్గులేకుండా అతని మీదే వచ్చింది.

"ఎట్ల చెప్త సార్? కొత్తది తెచ్చి, చొక్కతోని తుడ్చి, సారీ యాదయ్యా అని చేతుల పెట్టిండ్రు. ఇన్నేండ్ల పనిల నాకు సారీ చెప్పినోల్లు ఎవ్వరు లేరు. గట్ల ఇచ్చినదాన్ని మంచిగ లేదని మీ మొఖం మీద ఎట్లంట?"

డ్యూటీకి టైమవుతుంది సార్ అన్నాడు. స్కూటరు మీద మణికొండ దాకా దింపడానికి బయలుదేరాను. కొత్తగూడ దాటాక సూర్యుడు ఎదురుగా పడ్డాడు. నేను కళ్ళ మీదకి టోపీ దించుకున్నాను. వెనక యాదయ్య తల పక్కకి తిప్పి నా భుజానికి ఆనించుకోవడం తెలిసింది.